ఎవరి నీళ్ళు వాళ్ళే

“సరే మేడమ్, ఆదివారం వంతెన ఖాయం. మిగతావన్నీ మీరు చూసుకుంటారుగా” అన్నారు పొడుగు లెన్సు గారు ఫోన్‌లో. నేనప్పుడు బీన్స్‌కి ఈనెలు తీస్తున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మెడ వంకర పెట్టి, “ఆ, చూసుకుంటానండీ” అన్నాను. అనేశాక గానీ అన్నానని తెలియలేదు. ఆ మాట నాకు నాలుక చివరే ఉంటుంది, పిలవకముందే పరిగెత్తుకొస్తుంది. ఆఫీసులో మేనేజరు “మీటింగుకి టీలూ అవీ మీరు చూసుకోండి” అంటారు. ఇంట్లో మా ఆయన “అమ్మ మందుల సంగతి నువ్వు చూసుకో” అంటారు. మా అమ్మాయి తడి తువ్వాలు మంచం మీద పడేసి “అమ్మా, చూసుకోవా ప్లీజ్” అంటూ చెప్పుల్లో కాళ్ళు పెడుతుంది. మనుషులు మారతారు గానీ మాట మారదు.

పొడుగు లెన్సు గారంటే మా ఫోటోల గుంపుకి పెద్ద. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. సందు మలుపులో ఆయన కంటే ముందు ఆయన లెన్సు కనిపిస్తుంది, అందుకే ఆ పేరు. పెట్టింది పళ్ళ డాక్టరమ్మ. నన్ను ఈ గుంపులోకి లాగింది కూడా ఆవిడే. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, బుగ్గ మొద్దుబారేదాకా కూర్చోమంటే కూర్చుని, ఫోన్‌లో నా ఫోటోలు తిరగేసుకుంటున్నాను. ఆవిడ వెనకనుంచి తొంగి చూసి “ఇవి ఎవరు తీశారు?” అంది. నోరు తిరగక, వేలితో నన్ను నేను చూపించుకున్నాను. తర్వాతి వారం కుట్లు చూపించుకోవడానికి వెళ్తే తన పాత కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది. పన్ను పీకించుకోబోయి ఫోటోలు తీయడం మొదలుపెట్టినదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆవిడ ఆ రోజు చూసిన ఫోటో మా డాబా మీద తీసింది. తెల్లవారుజామున బట్టలు ఆరేయడానికి వెళ్తే, నీళ్ళ ట్యాంకు వెనకనుంచి సూర్యుడు లేస్తున్నాడు. తీగ మీద దుప్పటి సగం ఎర్రగా, సగం నీలంగా ఉంది. క్లిప్పు నోట్లో పెట్టుకునే తీశాను. అది మా అమ్మాయికి నచ్చి, మా ఇంటి వాట్సాప్ గ్రూపుకి బొమ్మగా పెట్టేసింది. తర్వాత పొడుగు లెన్సు గారికీ నచ్చి, ఫోటోల గ్రూపుకి బొమ్మగా పెట్టేశారు, “మన గుంపు పనితనానికి మచ్చుతునక” అని కింద రాసి. తీసింది ఎవరని ఇద్దరూ రాయలేదు. నేనూ అడగలేదు. పోనీలే, నచ్చింది, అంతే చాలనుకున్నాను. ఆ మాట కూడా నాకు నాలుక చివరే ఉంటుంది.

ఊరు నిద్ర లేవకముందు గుంపుగా వెళ్ళి ఫోటోలు తీయడమంటే వినడానికి ఎంత బాగుంటుందో. అది జరగడానికి ముందు జరగాల్సినవి ఎవరికీ వినపడవు. ఎవరిని ఎవరు కారెక్కించుకోవాలి, అంత పొద్దున్నే కారు ఎక్కడ ఆపాలి, కాపలావాడితో ముందు రోజే ఎవరు మాట్లాడాలి, ఆడవాళ్ళు బాత్రూముకి ఎక్కడికి వెళ్ళాలి. ఈ చివరిది నేను చేరేదాకా ఎవరికీ తట్టనే లేదట. ఫ్లాస్కుల్లో టీ నాది, కాగితం కప్పులు నావి, వాన వస్తే కెమెరాలకి ప్లాస్టిక్ సంచులు నావి. అన్నిటికంటే ఘోరం, లేపడం. “మీరు ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చారంటే టక్కున లేస్తానండీ” అంటారు ఒక్కొక్కరూ. ఒక్క కాల్‌కి లేచినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

పోయినసారి కూరగాయల హోల్‌సేల్ మార్కెట్టుకి వెళ్ళాం. లారీల మీద లైట్లు, బుట్టల మీద మంచు, మనుషుల నోళ్ళలోంచి పొగలు. నేను కెమెరా తీశానో లేదో పొడుగు లెన్సు గారు “మేడమ్, ఒక్క నిమిషం ఇది పట్టుకుంటారా” అని సంచి నా కాళ్ళ దగ్గర పెట్టారు. ఆయన్ని చూసి ఇంకొకాయన, ఆయన్ని చూసి మరొకాయన. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! వెలుగొచ్చి వెళ్ళిపోయేదాకా సంచుల గుట్టకి కాపలా ఉన్నాను. ఆ రోజు నేను తీసిన మంచి ఫోటో ఒక్కటే, ఆ సంచుల గుట్టది. అది కూడా ఎనిమిదింటికి ఇల్లు చేరాలని హడావిడిగా తీసింది, కొంచెం కదిలింది.

ఈసారి మాత్రం వంతెన. వంతెన నా ఆలోచన. నదికి అడ్డంగా ఉన్న పాత ఇనుప వంతెన మీదుగా రోజూ బస్సులో ఆఫీసుకి వెళ్తాను, నిలబడి, ఎవరి మోచెయ్యో నా వీపులో గుచ్చుకుంటుండగా. శీతాకాలంలో కొద్దివారాలు మాత్రం ఎండ సరిగ్గా ఇనుప కమ్ముల సందుల్లోంచి ఏటవాలుగా పడుతుంది. నడిచేవాళ్ళందరి మీదా చారలు పడతాయి. ఒక అడుగు వెలుగు, ఒక అడుగు నీడ. నా బస్సు వచ్చేసరికి ఆ చారలు కరిగిపోతూ ఉంటాయి. దిగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. దిగితే ఆఫీసుకి ఆలస్యం, ముందు వద్దామంటే ఇంట్లో టిఫిన్ ఆలస్యం. పైగా వచ్చే వారం నుంచి వంతెనకి రంగులేస్తారట, కర్రలు కట్టి గుడ్డలు చుట్టేస్తారని బోర్డు పెట్టారు. గ్రూపులో ఈ సంగతి రాస్తే పొడుగు లెన్సు గారు “వంతెనకి వెళ్దాం” అన్నారు. వెంటనే “అద్భుతమైన ఐడియా సర్” అని ఆయనకి చప్పట్ల బొమ్మలు వచ్చాయి. నవ్వొచ్చింది. కొంచెం ఏడుపూ వచ్చింది.

నాకు కావలసింది ఒక్కటే. ఆ వెలుగు ఉన్నంతసేపూ అక్కడ ఉండాలి. రెండు చేతులూ ఖాళీగా, కెమెరా తప్ప ఇంకేమీ లేకుండా.

ఇంట్లో వెళ్ళొద్దని ఎవరూ అనరు. అసలు చిక్కంతా అదే. అంటే దెబ్బలాడొచ్చు. మా ఆయన లెక్కల మాస్టారు, మంచివాడని బడి మొత్తం చెబుతుంది, అబద్ధం కాదు. “నీ సరదా నీది, నేనెప్పుడైనా వద్దన్నానా?” అంటారు పేపర్లోంచి తలెత్తకుండా. కాకపోతే నేను వెళ్ళినా ఇంట్లో ఉన్నట్టే ఉండాలి. టిఫిన్ అయిపోయి ఉండాలి, చొక్కా ఇస్త్రీ అయి ఉండాలి, మాత్రలు గిన్నెల్లో పోసి ఉండాలి. ఎంత జటిలమైన లెక్కయినా నోటితో చేసేసే మనిషికి తన బనీన్లు ఏ అరలో ఉంటాయో ఇప్పటికీ అంతుపట్టదు. అత్తయ్యకైతే నా పిచ్చి అసలు అర్థం కాదు. “తెల్లారకుండా ఏం ఫోటోలమ్మా? సూర్యుడు ఎక్కడికి పోతాడు, పదింటికీ ఆయనే ఉంటాడుగా” అంటుంది. ఆవిడ తప్పేముంది? వెటకారంగా కూడా అనదు, నిజంగా నా నిద్ర గురించే బాధ. అలా వెళ్ళినప్పుడల్లా ఇల్లంతా నా వెంటే వస్తుంది, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు. వెలుగొచ్చే వేళకి నా బుర్రలో గ్యాసు ఆపానా లేదా అని తిరుగుతూ ఉంటుంది.

శుక్రవారం పళ్ళ డాక్టరమ్మ ఫోన్ చేస్తే, ఈసారైనా ఆ సంచుల కాపలా తప్పించుకోవాలని ఉందన్నాను. “తప్పించుకోవడమేంటి? చెప్పండి” అంది.

“ఎన్నోసార్లు అడిగానండీ, ఎవరి సంచి వాళ్ళు ఉంచుకుంటే బాగుంటుందేమోనని.”

“అదే మరి. మీరు అడుగుతున్నారు. పన్ను పీకేముందు ‘పీకమంటారా, ఏమంటారు’ అని నేను అడిగాననుకోండి, ఒక్కడైనా నోరు తెరుస్తాడా? చెప్పేయాలి, అంతే.”

శనివారం ఆఫీసులో ఆ మాటే నమిలాను. మాది పార్సెళ్ళ ఆఫీసు. ఏ లారీ ఎటు వెళ్ళాలో, ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో వేసేది నేను. అది నా ఉద్యోగం. మీటింగైపోయాక కప్పులు కడగడం ఎవరి ఉద్యోగమో ఎక్కడా రాసి లేదు. రాసి లేనివన్నీ నావే అవుతాయి. ఆ రోజు కూడా మేనేజరు “కుర్రాడు సెలవు మేడమ్, కొంచెం చూసుకుంటారా” అని కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. అదే మీటింగులో నాతో సమానమైన ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళు కప్పుల వంక చూశారు, నా వంక చూశారు, తర్వాత ఫోన్ల వంక చూసుకున్నారు. నేను కప్పులు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పాను.

అక్కడే, ఆ కుళాయి దగ్గరే తెగించాను. చెయ్యి ఒకటి తుడుచుకుని, ఫోను తీశాను. రెండు వాయిస్ మెసేజీలు పెట్టాలి. ఒకటి ఇంట్లోవాళ్ళకి. ఎదురుగా చెబితే “చెప్పలేదుగా” అంటారు కాబట్టి, గొంతు సాక్ష్యంగా ఉంటుందని రికార్డు చేస్తాను. రెండోది ఫోటోలవాళ్ళకి.

మొదటిది నాకు అలవాటే. “ఏమండీ, రేపు నేను బయల్దేరేసరికి మీరు లేవరు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. కోప్పడకండి. కూర ఫ్రిజ్‌లో స్టీలు గిన్నెలో ఉంటుంది, వేడి చేసుకుంటే చాలు. అత్తయ్యకి పసుప్పచ్చ మాత్ర తినకముందు, తెల్లది తిన్నాక. మీ బనీన్లు రెండో అరలో, తువ్వాళ్ళ వెనక. పోయినసారిలా పాతవి వేసుకోకండి, చిరుగులున్నాయి. అమ్మాయిని ఒకటికి రెండుసార్లు లేపండి. ఎనిమిదికల్లా వచ్చేస్తాను. వీలైతే ఇంకా ముందే వచ్చేస్తాను. ఏమీ అనుకోకండి.”

రెండోదానికి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను, “దయచేసి”లు మరీ ఎక్కువయ్యాయని. మూడోసారి డాక్టరమ్మ పట్టకారు తలుచుకుని ఏకబిగిన అనేశాను. “అందరికీ ఒకటే మాట. ఇన్నాళ్ళూ అన్నీ నేనే చేస్తూ వచ్చాను, ఇక నా వల్ల కాదు. రేపట్నుంచి ఎవరి నీళ్ళు వాళ్ళే తెచ్చుకోండి. ఎవరి సంచి వాళ్ళే మోసుకోండి. ఎవరి అలారం వాళ్ళే పెట్టుకోండి, నేనెవర్నీ లేపను. ఆలస్యమైతే ఆగేది లేదు. టీ కావాలంటే దొరుకుతుంది, వెతుక్కోండి. వెలుగొచ్చేదాకా నాతో ఎవరూ మాట్లాడొద్దు. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది.”

పంపేశాను. ఫోను సంచి అడుగున పడేసి, పైన డబ్బా పెట్టి, మిగిలిన కప్పులు కూడా కడిగేశాను. బస్సులో వంతెన దాటుతున్నప్పుడు కూడా ఫోను తీయలేదు. వాళ్ళేమంటారో ఇంటికెళ్ళాకే చూద్దామనుకున్నాను.

తలుపు తీసేసరికి ఇల్లు వింతగా ఉంది. టీవీ లేదు. ముందుగదిలో బల్ల మీద ఒకే ఒక్క నీళ్ళ సీసా, నిండుగా. దాని పక్కన మా ఆయన, చేతులు కట్టుకుని. సోఫాలో అత్తయ్య, ఒళ్ళో ఊరికి తీసుకెళ్ళే సంచి. మా అమ్మాయి గోడకి ఆనుకుని నా మొహంలోకే చూస్తోంది.

“ఎక్కడికత్తయ్యా?” అన్నాను కంగారుగా.

“నువ్వే చెప్పాలమ్మా” అంది ఆవిడ. “ఎవరి సంచి వాళ్ళే మోసుకోమన్నావు. ఎక్కడికో చెప్పలేదు.”

నా బుర్రకి ఏమీ ఎక్కలేదు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. “నీళ్ళు నా వరకు నేను పట్టుకున్నాను” అన్నారు సీసా వైపు చూపించి. “అలారం కూడా పెట్టుకున్నాను. కానీ ఎవరి దారి వాళ్ళదన్నావు. నాకు ఈ ఇల్లు తప్ప వేరే దారి ఏముందో నాకు తెలియడం లేదు.” ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన గొంతు కొంచెం వణికింది. తరగతి గదిలో అరవైమందిని కళ్ళతోనే కూర్చోబెట్టే మనిషి.

“నాన్న నాలుగుసార్లు విన్నారమ్మా” అంది మా అమ్మాయి మెల్లిగా. “నానమ్మకి వినపడలేదని స్పీకర్లో పెట్టి ఇంకోసారి.”

సంచి బోర్లించి ఫోను తీశాను. రెండు గ్రూపులు ఒకదాని కింద ఒకటి. రెండిటికీ అదే బొమ్మ, నా దుప్పటి, నా నీళ్ళ ట్యాంకు, నా సూర్యుడు. తడి చేత్తో పేరు చదవకుండా బొమ్మ చూసి నొక్కాను. ఇంటిది ఫోటోలవాళ్ళకి, ఫోటోలవాళ్ళది ఇంటికి వెళ్ళిపోయాయి.

ఫోటోల గ్రూపు తెరవాలంటే భయమేసింది. తెరిచాను. మా బనీన్లు ఊరంతా ఆరేసినట్టుంది. పొడుగు లెన్సు గారు “బనీన్లు రెండో అరలో ఉన్నాయని గమనించాము మేడమ్, ధన్యవాదాలు” అని రాశారు. దాని కింద వరసగా పగలబడి నవ్వే బొమ్మలు. ఇంకొకాయన “చిరిగినవి వేసుకోము మేడమ్, ప్రమాణం” అన్నారు. సిగ్గుతో అలా కిందికి జరుపుతూ పోతే చివర పళ్ళ డాక్టరమ్మది కనిపించింది. ఆవిడ నవ్వలేదు. “ఇన్ని చేసి, క్షమించమని అడిగి, మళ్ళీ ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలా? మరి ఎండ ఎప్పుడు చూస్తారండీ?” అని రాసింది.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. నా మెసేజి నేనే మళ్ళీ విన్నాను, చెవి దగ్గర పెట్టుకుని, పరాయి మనిషి మాటలు విన్నట్టు. కోప్పడకండి, ఏమీ అనుకోకండి, ఇంకా ముందే వచ్చేస్తాను. ఎవరీవిడ? ఏం తప్పు చేసిందని ఇంతగా బతిమాలుకుంటోంది? నాకు ఆవిడ మీద జాలి వేసింది, కోపం కూడా వచ్చింది. ఆ తర్వాత రెండోది విన్నాను. ఆ గొంతు కూడా నాదే. అందులో అరుపు లేదు, నిష్ఠూరం లేదు. చెప్పాల్సింది చెప్పింది, ఊరుకుంది. వినడానికి హాయిగా ఉంది. తమాషా ఏంటంటే, పరాయివాళ్ళతో మాట్లాడాలనుకున్న గొంతు ఇది, నా వాళ్ళతో మాట్లాడేది అది. పరాయివాళ్ళ దగ్గర నిటారుగా నిలబడగలిగినదాన్ని, నా ఇంట్లో ఎందుకిలా వంగి నడుస్తున్నానో నాకే అర్థం కాలేదు.

ముందుగదిలోకి వచ్చి చెప్పేశాను. “అది మా ఫోటోలవాళ్ళకి పెట్టబోయి, పొరపాటున మనింటి గ్రూపులో పెట్టాను.”

“అమ్మయ్య!” అన్నారు మా ఆయన. ఆ ఒక్క మాటతో ఆయన భుజాలు కిందికి దిగాయి. అత్తయ్య సంచి పక్కన పెట్టి మోకాళ్ళు రాసుకుంది. మా అమ్మాయి ఇంతసేపూ ఆపుకున్న నవ్వు వదిలేసింది. “చంపేశావు కదా” అంటూ మా ఆయన సీసా మూత తీసి గటగటా తాగారు. తాగి, మూతి తుడుచుకుని, ఎప్పటిలాగే తేలిగ్గా “సరే గానీ, రేపు టిఫిన్‌కి ఏం చేసి వెళ్తున్నావు?” అన్నారు.

ఎంత సులువుగా కుదుటపడ్డారు! అర నిమిషం కూడా పట్టలేదు. నా మాటలు తమకి కాదని తెలియగానే ఇల్లు ఇల్లయిపోయింది. నాకు ఉక్రోషం రావాలి, రాలేదు. బుగ్గ మొద్దుబారినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది, నొప్పి ఉందని తెలుసు, భయం మాత్రం లేదు.

“పొరపాటు గ్రూపు విషయంలోనేనండీ” అన్నాను. “మాటల్లో ఏం పొరపాటు లేదు.”

సీసా ఆయన చేతిలోనే ఉండిపోయింది.

“అంటే?”

“అంటే అవి మీకు కూడా.”

“నేనెప్పుడైనా వెళ్ళొద్దన్నానా?” ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

“అనలేదు. ‘నువ్వు వెళ్ళు, ఇది నేను చేస్తాను’ అని కూడా అనలేదు.”

ఆయన కుర్చీలో కూర్చుని నుదురు రుద్దుకున్నారు. లెక్క ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్ళి వెతుక్కుంటున్నట్టు కనిపించారు. నేను సాయం చేయలేదు. ఎదుటివాళ్ళు మౌనంగా ఉంటే నాకు వెంటనే ఏదో ఒకటి చెప్పి సర్దేయాలనిపిస్తుంది, పెదాలు గట్టిగా బిగబట్టుకున్నాను.

ఆ మౌనాన్ని అత్తయ్యే తెంపింది. “మాత్రల్లో ఏది ముందో ఏది వెనకో నాకు తెలుసులేమ్మా. రంగులు కనపడనంత కళ్ళు పోలేదు.”

“మరి రోజూ నన్నెందుకు అడుగుతారు?”

“నువ్వు చేతిలో పెడితే బాగుంటుంది. అందుకని.” ఆవిడ మొహమాటంగా నవ్వి, మనవరాలి వైపు తిరిగింది. “నా ఫోన్లో కూడా ఆ అలారమేదో పెట్టవే.”

నేను ఫోను తీసి, ‘ఎవరి నీళ్ళు వాళ్ళే’ మెసేజిని ఫోటోల గ్రూపుకి పంపాను. ఈసారి పేరు చదివి నొక్కాను. ఇంటివాళ్ళ కోసం చెప్పినదాన్ని మాత్రం ఇంటికి పంపలేదు.

ఐదు నిమిషాల్లో పొడుగు లెన్సు గారి ఫోను. “మేడమ్, ఇప్పుడే విన్నాను... టీ కూడా లేదా?”

“లేదండీ.”

“మరి కార్లు, ఎవరు ఎవరిని... అవన్నీ మీరు చూసుకుంటారనే ధైర్యంతో...”

“చూసుకోనండీ” అన్నాను. “నేను చూడ్డానికి వస్తున్నాను.”

“రెండూ ఒకటే కదా మేడమ్” అన్నారు పాపం, నిజంగానే తెలియక. కాదని చెప్పి ఫోను పెట్టేశాను. ఆ రాత్రి పడుకునేముందు గ్యాసు ఆపానా లేదా అని లేచి చూడలేదు. ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

ఆదివారం చీకటితోనే మొదటి బస్సెక్కాను. బస్సులో కూర్చోవడానికి చోటుంది, అదే ఒక వింత. వంతెన మొదట్లో ఆపమంటే కండక్టరు “ఇక్కడా?” అన్నాడు. “ఇక్కడే” అన్నాను. ఇన్నేళ్ళుగా దాటుతూనే ఉన్నాను గానీ, కాళ్ళ కింద ఆ వంతెన సన్నగా వణుకుతుందని దిగాక గానీ తెలియలేదు. కింద నది కనపడటం లేదు, మంచు. ఇనుము తాకితే చల్లగా, తడిగా ఉంది. భుజానికి కెమెరా, జేబులో ఫోను తప్ప నా దగ్గర ఏమీ లేదు. చేతులు తేలిగ్గా ఉండి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కాసేపు జేబుల్లో పెట్టుకున్నాను.

పళ్ళ డాక్టరమ్మ వచ్చి, నన్ను చూసి తలూపి, పలకరించకుండా అవతలి పక్కకి వెళ్ళిపోయింది. ఇంకో ఇద్దరు వచ్చారు, సంచులు వీపున వేసుకుని. అందరికంటే చివర పొడుగు లెన్సు గారు, రొప్పుకుంటూ, చేతిలో ప్లాస్టిక్ సీసా. నా దగ్గరికొచ్చి ఏదో అనబోయి, నా మెసేజి గుర్తొచ్చినట్టుంది, నోరు మూసేసుకుని పక్కకి జరిగారు. నవ్వాపుకోవడం కష్టమైంది.

అప్పుడు వచ్చింది వెలుగు. మొదట పై కమ్మి మీద ఒక్క గీత. తర్వాత కమ్ములన్నీ ఒక్కసారి నీడలు పరిచాయి. రాత్రి డ్యూటీ దిగిన నర్సులు నలుగురు మాట్లాడుకుంటూ ఆ చారల్లోంచి నడిచి వస్తున్నారు. ఒకామె చెప్పులు చేత్తో పట్టుకుంది, కాళ్ళు నొప్పెట్టాయేమో. ఆ కాళ్ళ మీద వెలుగు, నీడ, వెలుగు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే ఫోటో పోతుందని తుడుచుకోకుండానే తీశాను. సంతోషం ఇలా ఉంటుందని, ఇంత మామూలుగా, చలిగా, ఎవరూ పిలవకుండా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

అంతలోనే ఫోను జేబులో వణికింది. ఇంటి గ్రూపు. మా ఆయన గొంతు. “ఏమోయ్, పాలు పొంగిపోయాయి. పొయ్యి మీదా, గట్టు మీదా, కిందా కూడా. ఏం చేయాలి?”

నా కాళ్ళు వాటంతట అవే బస్టాపు వైపు తిరిగాయి. ఏ గుడ్డతో తుడవాలో, ముందు దేన్ని తీయాలో, ఎటునుంచి తుడిస్తే పాలు గట్టు వెనక్కి కారవో అంతా నోటిదాకా వచ్చేసింది. బొటనవేలు మైకు బొమ్మ మీదే ఉంది. నర్సులు చారల మధ్యకి వచ్చేశారు, చెప్పులు పట్టుకున్నామె తలెత్తి సూర్యుడికేసి చూసింది. నేను ఫోను జేబులో పడేసి కెమెరా ఎత్తాను.

వాళ్ళు నన్ను దాటి వెళ్ళిపోయేదాకా తీశాను. వాళ్ళ తర్వాత సైకిళ్ళు వచ్చాయి, సైకిళ్ళ తర్వాత పరుగెత్తే ముసలాయన, ఆ తర్వాత ఎవరూ లేని ఖాళీ వంతెన. చారలు పొట్టిగా అయి, పలచబడి, ఇక లేవనిపించినప్పుడు గానీ ఫోను గుర్తుకు రాలేదు. తీసి చూస్తే అదే గ్రూపులో ఇంకొక మెసేజి ఉంది. ఈసారి అత్తయ్య గొంతు. ఎప్పుడూ వాయిస్ మెసేజి పెట్టని మనిషి, ఫోనుకి వినపడదేమోనని బాగా దగ్గరగా పెట్టుకుని, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెబుతోంది.

“నువ్వేం కంగారు పడకమ్మా. వాడే తుడుచుకున్నాడు.”